పెట్టె పక్కన చదివిన కాగితం

ఫిలింనగర్‌లో మేకప్‌మేన్లకు కొదవ లేదు. పెళ్లికూతుర్ని అందంగా చెయ్యడానికి ఒకడు, పాతికేళ్ల కుర్రాణ్ణి డెబ్భై ఏళ్ల ముసలాణ్ణి చెయ్యడానికి ఇంకొకడు. ఒంటి మీద దెబ్బలు చూపించాలంటే మాత్రం శాంతరాజునే పిలిచేవాళ్లు. షూటింగుల్లో అతనికి దెబ్బల రాజు అనే పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు విని అతను నవ్వేవాడూ కాదు, కోప్పడేవాడూ కాదు.

ఒకసారి జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో షూటింగ్. కథలో కూతుర్ని తండ్రి కొట్టి ఆరు రోజులైంది. శాంతరాజు ఆ అమ్మాయి జబ్బ మీద స్పాంజితో మెల్లగా పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు అద్దాడు. డైరెక్టర్ చూసి చిరాకుపడ్డాడు.

"దెబ్బంటే ఎర్రగా ఉండాలి కదయ్యా. ఇదేంటి, పాచి పట్టిన గోడలాగా?"

"ఎరుపు మొదటి రోజు సార్. రెండో రోజుకి నీలం తిరుగుతుంది. ఆరో రోజుకి ఇలాగే ఉంటుంది. ఇంకో మూడు రోజులు పోతే అంచులు పసుపై చర్మంలో కలిసిపోతాయి."

"ఏం, డాక్టరీ చదివావా?"

"లేదు సార్."

"మరి నీకెలా తెలుసు?"

"తెలుసు సార్" అన్నాడు శాంతరాజు, స్పాంజి కడుక్కుంటూ.

అతని తండ్రి దైవసహాయం వడ్రంగి. రేపల్లె దగ్గర ఊరు. హైదరాబాదులో స్టూడియోలు లేస్తున్నాయని, సెట్లు వెయ్యడానికి పనివాళ్లు కావాలని విని, 1978లో భార్య రాజమ్మనీ పదేళ్ల కొడుకునీ వెంటబెట్టుకొని వచ్చాడు. మొదట షేక్‌పేటలో ఒక గది కిరాయికి తీసుకున్నాడు. తర్వాత ఫిలింనగర్ గుట్ట మీద బస్తీ లేస్తుంటే అక్కడే రేకులిల్లు వేసుకున్నాడు. చెయ్యి తిరిగిన పనివాడు. తాగడు, పేకాడడు, ఒకరి దగ్గర చెయ్యి చాచడు. బస్తీలో చర్చి కట్టినప్పుడు దూలాలెత్తింది ఆయనే, ప్రసంగ వేదిక చెక్కింది ఆయనే. ఆదివారం మొదటి పాట ఆయన గొంతుతోనే మొదలయ్యేది. సంఘ పెద్ద అంటే అలా ఉండాలని అందరూ అనేవాళ్లు.

ఇంట్లో ఆయన కొడుకుని కొట్టేవాడు. కోపం వచ్చినప్పుడు చెయ్యి చేసుకోవడం కాదు అది. దానికొక పద్ధతుంది. తలుపు మూసేవాడు. పిల్లవాణ్ణి మోకాళ్ల మీద కూర్చోబెట్టి ప్రార్థన చెయ్యించేవాడు. టేకు బద్ద ఒకటి ఆ పనికోసమే నున్నగా చిత్రిక పట్టి పెట్టుకున్నాడు. దానితో వీపు మీదా జబ్బల మీదా కొట్టేవాడు. అయిపోయాక పిల్లవాడు ఆమెన్ అనాలి. అనకపోతే మళ్లీ మొదలు. పాలు ఒలకబోసినా అంతే, లెక్క తప్పినా అంతే, ఒక్కోసారి ఏ తప్పూ దొరకని రోజునా అంతే. "నేను కొట్టట్లేదురా. దేవుడు కొట్టమన్నాడు, ఆయన మాట వింటున్నాను" అనేవాడు. అలా ఆరేళ్లు. పదహారో ఏట శాంతరాజు ఒక మేకప్‌మేన్ దగ్గర పెట్టె మొయ్యడానికి కుదిరి, అతని గది అరుగు మీదే పడుకోవడం మొదలుపెట్టాడు.

చర్చికి మాత్రం మానలేదు. మానితే తల్లిని అడుగుతారు. పెళ్లయింది, కూతురు పుట్టింది, అదే బస్తీలో నాలుగు సందుల అవతల కాపురం పెట్టాడు. ఆరాధనలో అందరూ మోకరించినప్పుడు అతను కూర్చునే ఉండేవాడు. ఎవరైనా అడిగితే మోకాళ్ల నొప్పులనేవాడు. మోకాలు నేలకు తగలగానే వీపు బిగుసుకుపోయేది. దేవుడంటే అతనికి బద్ద పట్టుకొని వెనక నిలబడ్డవాడు. అలాంటివాడికి ఏమని మొక్కుతాడు?

1999 వేసవిలో ఒక పొద్దున నాలుగేళ్ల కూతురు అతని మేకప్ పెట్టె తెరిచి, డబ్బాల్లో ఉన్నదంతా గచ్చు మీద పారబోసింది. శాంతరాజు చెయ్యి పైకి లేచింది. చేతిలో నడుం బెల్టు ఉంది. బెల్టు ఎప్పుడు తీశాడో అతనికి తెలియదు. పిల్ల ఏడవలేదు. కళ్లు గట్టిగా మూసుకుని మెడ భుజాల్లోకి ముడుచుకుంది. ఎవరూ నేర్పకుండానే. అతను బెల్టు కింద పడేసి చెప్పులైనా వేసుకోకుండా బయటికి నడిచాడు. నడిచి నడిచి చర్చి పక్క గది ముందు ఆగాడు.

ఆ గదిలో సరోజమ్మ ఉండేది. చర్చిలో బైబిలు స్త్రీ, అంటే ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పి, జబ్బు మనుషుల దగ్గర ప్రార్థన చేసే మనిషి. అరవై ఏళ్ల విధవరాలు. మాట కాస్త మోటు.

"రా అబ్బాయ్. మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయి?" అంది అతన్ని చూడగానే.

"అలాగే ఉన్నాయమ్మా."

"అవునులే. మొన్న షూటింగులో హీరోయిన్ పాదాలకి పారాణి పెడుతూ రెండు గంటలు గొంతుక్కూర్చున్నావంట. మీ ఆవిడ చెప్పింది. ఆ నొప్పి ఒక్క చర్చిలోనే వస్తుందా నీకు?"

శాంతరాజు గుమ్మంలోనే కూలబడ్డాడు. ముప్పై దాటిన మనిషి, ఎవరికీ చెప్పనిది మొదటిసారి చెప్పాడు. ముక్కలు ముక్కలుగా, వరస తప్పి చెప్పాడు. సరోజమ్మ మధ్యలో ఒక్క మాటైనా అనలేదు. అయ్యో పాపం అనలేదు, క్షమించెయ్యి నాయనా అని కూడా అనలేదు. అంతా అయ్యాక మంచినీళ్లిచ్చి ఒకటే చెప్పింది.

"నువ్వు మోకరించొద్దు. ఇంకొకళ్లు చెప్పినా మోకరించొద్దు. మంగళవారం పొద్దున్నే చర్చికి రా. బెంచీ మీద కూర్చుని దావీదు కీర్తనలు చదువు. నేను చెప్పినవి మాత్రమే."

ఆమె చెప్పినవన్నీ దేవుడి మీద ఫిర్యాదులు. ఎందుకు దూరంగా ఉన్నావు, ఎంతకాలం చూస్తూ ఊరుకుంటావు అని అడిగేవి. ఇలాంటివి బైబిల్లో ఉన్నాయని శాంతరాజుకు తెలుసు, కానీ తండ్రి ఇంట్లో ఎప్పుడూ చదివించలేదు. మొదట గొణిగినట్టు చదివేవాడు. "గట్టిగా" అనేది సరోజమ్మ, కింద చాప మీద కూరగాయలు ముందేసుకుని. "దావీదు ఎంతెంత మాటలన్నాడో చూడు. దేవుడు ఒక్కదాన్నీ కొట్టెయ్యలేదు, పుస్తకంలోనే ఉంచాడు. నువ్వు నాలుగంటే ఆయనకేం ముంచుకు రాదు."

షూటింగుల్లేని మంగళవారాలన్నీ అలా గడిచాయి. వానాకాలంలో ఒకరోజు అతను చదవడం ఆపి పుస్తకం మూసి, సొంత మాటల్లో అరవడం మొదలుపెట్టాడు. పై రేకుల మీద వాన. ఏమన్నాడో అతనికి పూర్తిగా గుర్తులేదు. ఇంటికెళ్లేటప్పుడు గొంతు బొంగురుపోయి ఉంది. "పర్లేదు, ఇంతకాలానికి ప్రార్థన చేశావు" అంది సరోజమ్మ.

మరుసటి ఏడు మంచి శుక్రవారానికి చర్చి కుర్రాళ్లు సిలువ నాటకం వేశారు. యేసు వేషం బెన్‌హర్ అనే కుర్రాడిది. అప్పటికి ఇంటర్ చదువుతున్నాడు, సన్నగా పొడుగ్గా ఉండేవాడు. కొరడా దెబ్బలు వేసే పని సహజంగానే శాంతరాజుకు వచ్చింది.

"అన్నా, చక్కిలిగింతలు!" అని మెలికలు తిరిగిపోతున్నాడు బెన్‌హర్, వీపు మీద బ్రష్ ఆనగానే.

"యేసుప్రభువు ఇలాగే నవ్వాడంట్రా? కదలకు."

కుర్రాళ్లు ఎర్రరంగుతో నాలుగు గీతలు చాలనుకున్నారు. శాంతరాజు చెయ్యి అక్కడితో ఆగలేదు. ఒక దెబ్బ మీద ఇంకో దెబ్బ పడితే చర్మం ఎలా చిట్లుతుందో, ఎముక మీద పడ్డదానికీ కండ మీద పడ్డదానికీ తేడా ఏమిటో, ఉబ్బు ఏ పక్క ఎక్కువో, అన్నీ వేశాడు. వేస్తూ వేస్తూ ఒకచోట ఆగిపోయాడు. అది తన వీపు. కుడి రెక్క కింద ఏటవాలుగా ఉన్న పాత మచ్చ కూడా తెలియకుండానే వేసేశాడు.

సరోజమ్మ వెనక నిలబడి చూస్తోంది.

"నాయనా, మీ నాన్న బద్ద ఎత్తినప్పుడు దేవుడు ఆయన చేతిలో ఉన్నాడనుకున్నావు కదా ఇన్నాళ్లూ" అంది మెల్లగా. "ఈ వీపు చూడు. దేవుడు కొట్టేవాళ్ల పక్కన లేడు. నీతోపాటు కింద ఉన్నాడు."

పెద్దగా ప్రసంగాలు చేసే మనిషి కాదామె. ఆ మాట అని కొంగు సర్దుకుంటూ వెళ్లిపోయింది. ఆ సాయంత్రం వేదిక మీద బెన్‌హర్ వెనక్కి తిరగ్గానే చర్చి అంతా ఊపిరి బిగబట్టింది. ముందు వరసలో దైవసహాయం కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకోలేదు.

తర్వాత రెండు నెలలకు ఒక మంగళవారం శాంతరాజు బెంచీ దిగి తనంతట తాను మోకరించాడు. వీపు బిగుసుకోలేదని కాదు, బిగుసుకున్నా లేవలేదు. సరోజమ్మ చూడనట్టే చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంది.

కూతురి మీద అతని చెయ్యి మళ్లీ లేవలేదు. లేస్తుందేమోనన్న భయం మాత్రం పోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

సరోజమ్మ 2011లో పోయింది. 2014 ఆగస్టులో దైవసహాయం ఊపిరితిత్తులు చెడి ఆసుపత్రిలో చేరాడు. పద్దెనిమిది రోజులు శాంతరాజే దగ్గరుండి చూసుకున్నాడు. తాగించాడు, తుడిచాడు, పక్క మార్చాడు. ఆ పద్దెనిమిది రోజుల్లో తండ్రి పాత సంగతి ఎత్తుతాడని అతను ఎదురుచూశాడు. ఆయన నీళ్లడిగాడు, ఫ్యాన్ తగ్గించమన్నాడు. గురువారం మధ్యాహ్నం కన్ను మూశాడు.

శనివారం భూస్థాపన. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో శవపెట్టె లేపే ముందు పోయినవారి జీవిత చరిత్ర చదువుతారు. ఎక్కడ పుట్టారు, ఎప్పుడు బాప్తిస్మం తీసుకున్నారు, సంఘానికి ఏం చేశారు, పిల్లల్ని ఎలా పెంచారు, అన్నీ ఒక కాగితం మీద రాసి పెద్దకొడుకు చదవడం ఆనవాయితీ. దైవసహాయానికి కొడుకు ఒక్కడే.

శనివారం పొద్దున బెన్‌హర్ ఆ కాగితం తెచ్చాడు. అప్పటి కుర్రాడు ఇప్పుడు సంఘ కార్యదర్శి, పొట్ట కూడా వచ్చింది.

"వందనాలన్నా. టైపు చేయించి తెచ్చాను. ఒకసారి చూసుకుంటే చాలు."

శాంతరాజు చదివాడు. "ఇదేంట్రా, ముగ్గురు కుమార్తెలకు వివాహములు జరిపించి అని ఉంది?"

బెన్‌హర్ నాలుక్కరుచుకున్నాడు. "అయ్యయ్యో! అది జ్ఞానప్రకాశంగారి కాగితం అన్నా. పోయినేడాది ఆయన పోయినప్పటిది. పేర్లూ తేదీలూ మార్చాను గానీ కూతుళ్లని మర్చిపోయాను." పెన్ను తీసి ఆ లైను కొట్టేశాడు. "మిగతాదంతా సరిపోతుందిలే. పెద్దలందరికీ ఒకేలా ఉంటుంది కదా."

మిగతాదాంట్లో ఒక వాక్యం ఉంది. ఆయన తన పిల్లలను ప్రేమతోను దైవభక్తితోను క్రమశిక్షణలో పెంచి సంఘమునకు మాదిరిగా నిలిచిరి.

శాంతరాజు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముందు ఇంకో పని ఉంది. తండ్రి ముఖం నల్లబడింది. పెట్టె దగ్గరికి నలుగురూ వచ్చేలోగా బాగుచెయ్యమని పాస్టరు గారే అడిగారు. సామాను తెచ్చుకొని కూర్చున్నాడు. బుగ్గలకు కొంచెం రంగు, పెదవులకు తడి, కనుబొమలు దువ్వడం. అరగంట పని. చేసింది చూసి నిద్రపోతున్నట్టే ఉన్నారని ఆడవాళ్లు ఏడ్చారు. శవం ముఖానికి చేసిన ఆ సేవతో అతనికి పేచీ లేదు. కాగితంతోనే పేచీ. ఆ ఒక్క వాక్యం తన నోటితో చదివితే, పదిహేనేళ్లుగా బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నదంతా పోతుంది. మళ్లీ దెబ్బలు తిని ఆమెన్ అన్న పిల్లాడే మిగులుతాడు.

బయట షామియానా కింద పాత స్నేహితుడు నర్సింహ వచ్చి పక్కన కూర్చున్నాడు. షేక్‌పేట మనిషి, షూటింగుల్లో లైట్లు పట్టేవాడు.

"ఏందన్నా, కాగితం పట్టుకొని గిట్ల కూసున్నవ్?"

"నాన్న గురించి చదవాలి."

"సదువు మరి. గందుల ఏమున్నది?"

"నిజం కానిది ఉంది."

"పోయినోని గురించి మంచిగ చెప్పుడు దునియా మొత్తం ఉన్నదే గదనే. మా కాక పోతే మేం చెప్పలేదా? పెండ్లాన్ని ఏనాడు సుఖపెట్టినోడు కాదు, దేవుడసొంటోడు అని చెప్పినం. ఆమె గూడ తల ఊపింది."

"ఊపాక ఆమె ఎలా ఉంది నర్సింహా?"

నర్సింహ తల గోక్కున్నాడు. "ఏమో అన్నా. ఎవలు అడిగిండ్రు?"

లోపలి నుంచి రాజమ్మ కొడుకుని పిలిచింది. కొడుకు ముఖం చూస్తే విషయం అర్థమయ్యే వయసు ఆమెది. గొంతు తగ్గించి అంది.

"రాజూ, ఒక్క గంట ఓర్చుకో. పెట్టె లేచేదాకా. ఉన్నదేదో చదివెయ్యి."

"నాకు జరగనిది చదవలేనమ్మా."

"నువ్వు చెప్పి నీ ఇంటికి పోతావు. నేను రేపాదివారం ఆ చర్చికే పోవాలి. ఆ బెంచీ మీదే కూర్చోవాలి. నాకింకేం ఉంది చెప్పు?"

ఆమె అన్నది అక్షరాలా నిజం. ముప్పై ఆరేళ్లుగా ఆ సంఘమే ఆమె చుట్టాలూ ఇరుగుపొరుగూ. కానీ అదే సంఘంలో ఇప్పుడు ఎనభై మంది పిల్లలున్నారు. కొట్టమని దేవుడే చెప్పాడన్న మాట ఆ ఇళ్లలో ఇంకా నడుస్తూనే ఉంది. ఆదివారం బడి పిల్లల్లో ఒకరిద్దరి జబ్బల మీద ఆకుపచ్చ మచ్చలు అతను చూశాడు కూడా. చూసి ఊరుకున్నాడు. ఆ ఆదర్శ తండ్రి కథ తానే చదివితే, ఊరుకోవడంతో పోదు. వాళ్ల చేతికి బద్ద తానే అందించినట్టవుతుంది.

"నీ బెంచీ పక్కన నేను కూర్చుంటానమ్మా, ప్రతి ఆదివారం" అని మాత్రం అన్నాడు.

చర్చి నిండిపోయింది. పాస్టరు గారు పేరు పిలవగానే శాంతరాజు లేచి పెట్టె పక్కన నిలబడ్డాడు. కాగితం తెరిచి పుట్టిన ఊరు చదివాడు, బాప్తిస్మం చదివాడు, చర్చి దూలాల సంగతి చదివాడు. ఎవరికి జబ్బు చేసినా అర్ధరాత్రైనా తోపుడుబండి మీద ఆసుపత్రికి తీసుకుపోయేవాడన్నది కాగితంలో లేకపోయినా కలిపాడు. అది నిజమే. తర్వాత ఆ వాక్యం దగ్గరికొచ్చి కాగితం మడిచాడు.

"ఇక్కడ పిల్లల్ని పెంచిన సంగతి రాశారు. పెరిగింది నేనే కాబట్టి నేనే చెప్తాను. మా నాన్న నన్ను బద్దతో కొట్టేవారు. మోకరింపజేసి, ప్రార్థన చేయించి కొట్టేవారు. ఆరేళ్లు. దేవుడు కొట్టమన్నాడు అనేవారు. దేవుడు ఆ మాట చెప్పలేదు. నేను దేవుడి దగ్గరే కూర్చుని కనుక్కున్నాను, చాలాకాలం పట్టింది."

వెనక వరసలో ఎవరో దగ్గారు. ఒక పెద్ద "బాబూ, ఇప్పుడివన్నీ..." అని సగంలో ఆగాడు.

"అయిపోయిందండీ. ఆయన్ని అవమానించడానికి నిలబడలేదు. ఆయన్ని నేను ఇరవయ్యేళ్లు ద్వేషించాను. ఇప్పుడు ద్వేషం లేదు. పొద్దున ఈ ముఖం నేనే కడిగాను. ఆయన నన్ను క్షమాపణ అడగలేదు, అయినా నా వరకు నేను విడిచిపెడుతున్నాను. తీర్పు నాది కాదు. కానీ జరగలేదని మాత్రం చెప్పను. మీ ఇళ్లలో ఇలా కొడుతుంటే ఆపండి. దేవుడి పేరు చెప్పి కొడుతుంటే ఇవాళే ఆపండి."

కూర్చున్నాడు. పాస్టరు గారు రెండు క్షణాలు తడబడి, ప్రార్థన చేద్దాం అన్నారు. కొందరు మోకరించారు, కొందరు కదల్లేదు. పెట్టె మోసేటప్పుడు సంఘ పెద్దల్లో ఇద్దరు శాంతరాజు భుజం పక్కకు రాకుండా అవతలి వైపు పట్టారు. బెన్‌హర్ మాత్రం అతని పక్కనే పట్టాడు. వాడి కళ్లు ఎర్రబడ్డాయి.

రాజమ్మ రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. అన్నం పెడితే తింది, పిలిస్తే పలకలేదు. భూస్థాపన తర్వాత ఇంటివాళ్లను ఓదార్చడానికి జరిపే ఆదరణ కూటానికి వచ్చిన ఆడవాళ్లలో కొందరు ఆమెను చూసి తల తిప్పుకున్నారు. ఒకావిడ మాత్రం ఆమె చెయ్యి పట్టుకొని చాలాసేపు వదల్లేదు.

మూడోరోజు పొద్దున శాంతరాజు వెళ్లేసరికి ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది. అతను పక్కన కూర్చున్నాడు. కింద రోడ్డు మీద షూటింగు బళ్లు వరసగా పోతున్నాయి.

"అప్పట్లో మనకి రేడియో ఉండేది గుర్తుందా?" అంది హఠాత్తుగా.

"ఉంది."

"ఆయన తలుపు మూసినప్పుడల్లా నేను దాన్ని పెద్దది చేసేదాన్ని. పక్కవాళ్లకి వినపడకుండా. ఆయన చెప్పలేదు. నాకే సిగ్గేసి నేనే చేసేదాన్ని."

తండ్రిని విడిచిపెట్టానని అంతమందిలో చెప్పిన మనిషికి, ఈ మాట మింగుడు పడలేదు. తండ్రి పెట్టెలో ఉన్నాడు, నోరెత్తడు. ఈవిడ బతికుంది, పక్కన కూర్చుని ఉంది, రేపు మళ్లీ ఈవిడ చేతి అన్నం తినాలి. లేచి వెళ్లిపోదామనిపించింది. లేచాడు కూడా.

"నేను పోయినప్పుడు అది కూడా చదువు రాజూ" అంది రాజమ్మ. ఏడవడం లేదు. అతని ముఖంలోకి చూస్తూనే అంది. "కొట్టెయ్యొద్దు."

అతను మళ్లీ కూర్చున్నాడు.

"అప్పటిదాకా ఎందుకమ్మా. ఇంకేం గుర్తున్నాయో చెప్పు. వింటాను."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. అతను మధ్యలో ఒక్క మాటైనా అనకుండా విన్నాడు. ఆ రోజు జూబ్లీహిల్స్‌లో షూటింగ్ ఉంది, ఫోన్ మోగుతూనే ఉంది. అతను తియ్యలేదు.